పగలు పశువుల దవాఖాన, ఇంట్లో మగ్గం

మా చెల్లెలి మనవరాలు శ్రీలతకు ఈ మధ్యనే పశువైద్య శాఖలో ఉద్యోగం వచ్చింది. చౌటుప్పల్‌లో ఉంటూ ఇంట్లో చీరల వ్యాపారం కూడా పెట్టుకుంది. పోయిన వారం మా ఇంటికి వచ్చి, చాయ్ తాగుతూ అడిగింది.

"తాతా, నువ్వు నౌకరి చేసుకుంటనే ఏండ్లకేండ్లు మగ్గం నడిపినవంట గదా. నాకు ఆర్నెల్లకే యాష్టకొచ్చింది. నీకు రాలేదా?"

"ఎందుకు రాలేదు, వచ్చింది" అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఆమె బస్సెక్కి వెళ్ళిపోయాక, పిల్లకు జవాబు సరిగ్గా చెప్పలేదే అనిపించింది. సరిగ్గా చెప్పాలంటే ఒక ఎద్దు గురించి చెప్పాలి. అది ఒక కప్పు చాయ్‌తో అయ్యే ముచ్చట కాదు. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, పెన్షన్ కాగితాలు ఇందులో ఉండవు. వాటి వల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

*కిరాయి ఇంట్లో గుంత*

మాది చౌటుప్పల్ దగ్గర ఒక పల్లె, చేనేత కుటుంబం. మా బాపు చిటికి రుమాళ్ళు నేసేవాడు. చిటికి అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. నేయకముందే నూలును అనుకున్న చోటల్లా బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు పట్టదు. రంగు ఆరాక ముడులు విప్పితే తెల్లటి మచ్చలు మిగులుతాయి. నేస్తున్నప్పుడు ఆ మచ్చలు ఒకదాని పక్కన ఒకటి చేరి పువ్వో చిలుకో అవుతాయి. ఎక్కడైనా ముడి కొంచెం జరిగిందా, చిలుక ముక్కు వంకర పోతుంది.

బాపు నన్ను మగ్గానికి దూరంగా పెట్టాలని చూశాడు. "నా కాళ్లు గీ మగ్గం గుంతలనే అరిగినయి. నువ్వన్న సర్కారు కుర్సీల కూసో" అనేవాడు. హైదరాబాదుకు పంపి పశువైద్య కంపౌండర్ శిక్షణ ఇప్పించాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నన్ను అచ్చంపేట పశువుల దవాఖానలో వేశారు. కుర్చీ ఒకటి ఉన్న మాట నిజమే గానీ అది డాక్టరుగారిది. నాకు దొరికింది ఎద్దు కొమ్ములు. అవి పట్టుకోవాలి, నోరు తెరిపించి వెదురు గొట్టంతో మందు పోయాలి, పుండ్లు కడగాలి, పేడ తొక్కాలి.

ఆ ఉద్యోగం నాకు మొదట్లో నచ్చలేదు. నెల తిరిగితే జీతం వస్తుంది కదా అని చేశాను. ఎవరైనా రైతు పశువును తోలుకొస్తే, అతను నోరు తెరిచేలోపే ఏ సీసా అందుకోవాలో నిర్ణయించుకునేవాణ్ణి. అదే నా తెలివి అనుకునేవాణ్ణి కూడా.

రెండో ఏడాది పెళ్ళయింది. రాజమ్మది కూడా చేనేత ఇల్లే. అచ్చంపేటకు వచ్చిన వారానికే, "గీ ఊర్ల మగ్గం సప్పుడే లేదేందయ్యా, నాకు చెవులు మూసుకపోయినట్లున్నది" అంది. నాకూ అట్లాగే ఉండేది, కానీ ఆ మాట నాకు తట్టలేదు. నెలలోపే మేం ఉంటున్న ఇంటి ముందరి గదిలో మగ్గం కింద కాళ్ళు పెట్టుకోవడానికి గుంత తవ్వాము. ఇంటి యజమాని వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఉండనీకి కిరాయికిస్తే బొంద తవ్వుతున్నరా?" అన్నాడు. ఇల్లు ఖాళీ చేసే రోజు పూడ్చి ఇస్తామని రాజమ్మ మాటిచ్చింది. ఆయన భార్యకు ఒక రుమాలు ఇచ్చాక గుంత సంగతి మరి రాలేదు.

*విమానమా, తొండా*

రోజంతా పని చేసి ఇంటికొచ్చి మళ్ళీ పనికి కూర్చోవడానికి పట్టుదల కావాలంటారు. నాలో అంత పట్టుదల ఎప్పుడూ లేదు. నాకున్నదల్లా ఏమవుతుందో చూడాలన్న ఆత్రం. చిటికి పనిలో ఒక గమ్మత్తు ఉంది. కట్టేటప్పుడు మనసులో బొమ్మ ఉంటుంది, చేతిలో నూలే ఉంటుంది. రంగులోంచి తీశాక కూడా ఏమీ కనబడదు. ముడి విప్పితేగానీ తెలియదు. పొద్దున దవాఖానకు పోతుంటే కూడా, ఇంట్లో ఆరుతున్న ఆ కట్టల్లో ఏముందో అని మనసు లాగుతుండేది.

ఒకసారి ఆకాశంలో విమానం పోతుంటే చూసి, దాన్ని రుమాలు అంచులో నేయాలనిపించింది. గళ్ళ కాగితం మీద గీశాను. సైకిల్ ట్యూబు పీలికలతో కట్టాను. ఎర్ర రంగు వేసి విప్పి, జానెడు నేసి రాజమ్మకు చూపించాను. ఆమె తల అటూ ఇటూ వంచి చూసింది.

"గిదేంది, తొండనా?"

"విమానం."

"అయితే తొండ రెక్కలు కట్టుకోని ఎగురుతున్నదన్నట్టు" అని, పక్కింటామెను కూడా పిలిచి చూపించింది. ఆమె బల్లి అంది. రెక్కల దగ్గర ముడులు పెద్దవి పడ్డాయని అప్పుడు అర్థమైంది. మరుసటి రోజే ఇంకో కాగితం గీశాను. ఆ విమానం కోసం అయిదారుసార్లు కట్టి విప్పి ఉంటాను.

విసుగు రాకుండా ఉండడానికి నేను చేసిన చిన్న పని ఒకటుంది, శ్రీలతకు పనికొస్తుందేమో. ఒక రోజులో కట్టలన్నీ విప్పేవాణ్ణి కాదు. చూడాలని చేతులు పీకుతున్నా సరే, ఒకటి మరునాటికి ఉంచేవాణ్ణి. పని ముగించి లేస్తే మళ్ళీ కూర్చోవడం కష్టం. మధ్యలో ఆపితే అదే పిలుస్తుంది.

ఇంకో నిజం కూడా ఇక్కడే చెప్పేస్తాను. కట్టడం, విప్పడం నావి. ఆసు మీద నూలు పోయడం, కండెలు చుట్టడం, ముప్పాతిక నేత రాజమ్మవి. ఆసు అంటే మేకులు కొట్టిన చట్రం. దాని చుట్టూ పోగును చేతితో తిప్పి తిప్పి పోయాలి, భుజం పడిపోతుంది. ఉద్యోగం చేసుకుంటూ వ్యాపారం నడిపానని నేను చాలా చోట్ల గొప్ప చెప్పుకున్నాను. నడిపింది ఆమె. నేను సాయంత్రాలు వచ్చి సరదా తీర్చుకున్నాను.

*ఖాద్రీ సాబ్*

మా డాక్టరు ఖాద్రీ సాబ్ పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. తెల్ల పైజామాకు పేడ మరక పడినా పట్టించుకునేవాడు కాదు గానీ మందు సీసాకు మూత సరిగ్గా పెట్టకపోతే మాత్రం అగ్గి అయ్యేవాడు. ఒకరోజు నేను సూది మరగబెడుతుంటే నా చేతులు పట్టుకుని వెలుతురులోకి లాగాడు. రెండు చేతులూ మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి. ఆ రంగు సబ్బుకు పోదు, వారం పదిరోజులకు దానంతటదే వదలాలి.

"గిదేంది నర్సయ్యా? ఎవలినన్న కోసినవా?"

చెప్పక తప్పలేదు. సర్కారు నౌకరికి సొంత వ్యాపారం ఉండకూడదన్నది నాకు తెలుసు. ఆయన సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. మగ్గం గుంత అంచున కూర్చుని గంటసేపు ప్రశ్నలు వేశాడు. ముడి ఎందుకు జరుగుతుంది, రంగు లోపలికి ఎందుకు పాకదు, నూలుకు ఆముదపు కాయల బూడిద నీళ్ళు ఎందుకు పట్టించాలి. నేను ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

లేచేటప్పుడు, "మగ్గం నీ బీవీ పేర పెట్టుకో, నాకు ఫికర్ లేదు" అన్నాడు. గుమ్మం దాటుతూ ఆగి, "కని నర్సయ్యా, ఇక్కడ నీ కండ్లు ఎట్ల మెరుస్తున్నయో నేను దవాఖానల ఒక్క దినం గూడ చూడలే" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. రాజమ్మతో చెప్పి మురిసిపోయాను కూడా.

*ఎల్లమ్మ వచ్చిన రోజు*

విమానం చివరి ప్రయత్నం రంగు ఆరుతున్న రోజు అది. ఈసారి రెక్కలు కుదురుతాయని నాకు గట్టి నమ్మకం. ఖాద్రీ సాబ్ మహబూబ్‌నగర్ మీటింగుకు వెళ్ళాడు. దవాఖానలో నేనొక్కణ్ణే ఉన్నాను.

అమ్రాబాద్ గుట్టల కింది పల్లె నుంచి ఎల్లమ్మ అనే రైతు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. తెల్లారకముందు బయలుదేరి నడిచి వచ్చిందట. భర్త నాగార్జునసాగర్ కట్ట పనికి పోయాడు, సేద్యం మొత్తం ఆమె మీదే ఉంది. ఒక జత ఎడ్లు ఉన్నాయి. వాటిలో ఒకటి పడకేసింది. తొలకరి దగ్గరికొచ్చింది, ఆ జత లేకపోతే ఆ ఏడు చేను బీడే. ఈ మాటలన్నీ ఆమే చెప్పింది, నేను అడగలేదు.

"ఎద్దు మేస్తలేదు సారూ. నోట్ల పుండ్లయినయి. కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి."

నోట్లో పుండ్లు అనగానే నా చేయి నీళ్ళలో కలిపితే గులాబీ రంగు తేలే పొడి మందు మీదికి పోయింది. ఆ కాలంలో ఊరూరా గాలికుంటు ఉండేది. దానికి నోరు కడిగే మందు అది. పొట్లం కడుతున్నాను.

"ఇంకోటి గూడ సారూ..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. నా చేతులు చూస్తోంది. "గదేంది సారూ, చేతులు గంత ఎర్రగున్నయి?"

అంతే, నాకు ఉషారొచ్చింది. చిటికి సంగతి ఎత్తుకున్నాను. ముడులు, రంగు, విమానం, తొండ, అన్నీ చెప్పాను. ఆమె కూడా నోరు తెరిచి విన్నది. "ముడి కాడ తెల్లగనే ఉంటదా? గట్లెట్ల?" అని అడిగింది. నూలు ముక్కకు ముడి వేసి చూపించాను. "మనిషి ఎన్ని నేరుస్తడో" అని నవ్వింది. పొట్లం కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

గాలికుంటు అయితే నోటితో పాటు గిట్టల మధ్య కూడా పుండ్లుంటాయి. గిట్టలు బాగుండి, పేడ నీళ్ళలా పారుతుంటే అది పెద్దరోగం. అది వచ్చిన పశువును వెంటనే విడదీయాలి, మిగతావాటికి ఆ రోజే టీకాలు వేయాలి. లేకపోతే దొడ్లకు దొడ్లు ఊడ్చుకుపోతాయి. అడగాల్సింది ఒక్క ప్రశ్నే. శిక్షణలో మొదటి నెలలోనే మాకు నేర్పిన ప్రశ్న అది. ఆమె పల్లెకు చేరేసరికి రంగుల గురించి ఆమెకు చాలా తెలుసు, ఆమె ఎద్దు గురించి నాకేమీ తెలియదు.

ఆ సాయంత్రం ముడులు విప్పి జానెడు నేస్తే విమానం కుదిరింది. రాజమ్మ కూడా ఒప్పుకుంది.

*ఆ పల్లెలో*

అయిదో రోజు ఆ పల్లె పట్వారీ మనిషిని పంపాడు. ఎడ్లు పారుకుంటూ పడిపోతున్నాయని కబురు. ఖాద్రీ సాబ్ ముఖం మారిపోయింది. హైదరాబాదు నుంచి టీకా మందు తెప్పించి, మంచు డబ్బాలో పెట్టుకుని, బండి కట్టించుకుని పోయాము.

మేము చేరేసరికి ఎల్లమ్మ ఎద్దు చనిపోయింది. రెండోదానికి కూడా సోకింది. పక్క దొడ్లలో ఇంకా కొన్ని పడి ఉన్నాయి. ఆమె చచ్చిన ఎద్దు మెడపట్టెడ చేతిలో పట్టుకుని గడప మీద కూర్చుని ఉంది. నా మందు పొట్లం సగం వాడి, మిగిలింది జాగ్రత్తగా చూరులో పెట్టింది.

ఖాద్రీ సాబ్ అందరినీ పిలిచి అడిగాడు. "మొదలు ఎవలింట్ల వచ్చింది? ఎవలన్న దవాఖానకు వచ్చిండ్రా?"

ఎల్లమ్మ నా వైపు ఒకసారి చూసింది. "నేనొచ్చిన సాబ్. సారు మందిచ్చిండు. నేనే సక్కగ చెప్పలేదేమో" అంది.

అప్పుడే నేను నోరు విప్పాల్సింది. "ఆమె చెప్పబోయింది, నేనే వినలేదు" అనాలి. అనలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆ తప్పు మగ్గం మీదికి పోయి, మగ్గం ఆగిపోతుందని ఇంకా ఎక్కువ భయపడ్డాను. ఆమె నన్ను కాపాడుతోందని కూడా అనుకున్నాను. ఎందుకు కాపాడుతోందో మాత్రం అర్థం కాలేదు.

రెండు వారాలు ఆ పల్లెలోనే ఉన్నాము. ఆరోగ్యంగా ఉన్న ప్రతి పశువుకూ టీకా వేశాము. ఎల్లమ్మ రెండో ఎద్దుకు పొద్దూ మాపూ గంజి పోశాను, నోరు కడిగాను. అది బతికింది. ఒంటెద్దుతో దున్నలేరు కాబట్టి, ఎద్దు పోయిన ఇంకో రైతుతో బదులు మాట్లాడుకుని, రెండిళ్ళ ఒంటెడ్లనూ జత చేసి దున్నుకున్నారు. ముందు అతని చేను, తర్వాత ఈమె చేను. ఈమె వంతు వచ్చేసరికి అదును దాటింది. ఆ ఏడు జొన్న సరిగ్గా రాలేదు.

*మగ్గానికి ముసుగు*

ఇంటికొచ్చి మగ్గం మీద దుప్పటి కప్పేశాను. రాజమ్మకు జరిగింది చెప్పాను. ఈ లోకంలో అప్పటికి నేను నిజం చెప్పింది ఆమెకే. ఇక నేత వద్దన్నాను.

ఆమె కండెలు చుట్టడం ఆపలేదు. "మగ్గం ఏం తప్పు జేసిందని దానికి ముసుగేస్తున్నవు? అడగాల్సింది నీ నోరు. ఇంట్ల గింత నూలు ముక్కకు నూరు ప్రశ్నలడుగుతవు. గా ఎద్దుకు ఒక్కటి అడగనీకి ఏమైంది?" అంది. లేచి దుప్పటి తీసేసి మడతపెట్టింది.

ఖాద్రీ సాబ్ గుమ్మంలో అన్న మాట మెచ్చుకోలు కాదని అప్పుడు తెలిసింది. నా ఆత్రమంతా ఇంట్లో పెట్టి, దవాఖానకు చేతులు మాత్రమే తీసుకుపోయేవాణ్ణి.

ఆ తర్వాత ఒక అలవాటు చేసుకున్నాను. పశువు వస్తే మొదట చేతులు వెనక్కు కట్టుకునేవాణ్ణి. ప్రశ్నలన్నీ అయ్యాకే సీసా ముట్టేవాణ్ణి. నిన్న ఏం తిన్నది, ఎక్కడ పడుకుంది, పేడ ఎట్లా ఉంది, పక్క పశువు ఎట్లా ఉంది, ఇంకా ఏమన్నా చెప్పాలా. మొదట్లో భయంతో అడిగాను. కొన్నాళ్ళకు సరదా పుట్టింది. ఒక బర్రె ఉన్నట్టుండి పాలు ఇవ్వడం మానేసిందని ఒకాయన వచ్చాడు. పొదుగు బాగానే ఉంది, మేత బాగానే తింటోంది. అడగ్గా అడగ్గా, రోజూ పాలు పితికే కోడలు పుట్టింటికి పోయిందని తేలింది. "ఆమె చీర కట్టుకోని పితుకు" అన్నాను. ఆ మీసాలాయన కోడలి చీర చుట్టుకుని పితికాడట, బర్రె చేపి పాలిచ్చిందట. వారం రోజులు అచ్చంపేట బజారంతా అదే ముచ్చట.

మగ్గం కూడా సాగింది. శ్రీలతా, ఒక పని జీతానికి, ఇంకోటి ఇష్టానికి అని పంచుకున్నావంటే జీతం పని నిన్ను పీల్చేస్తుంది, ఇష్టం పనికి కూడా ఏమీ మిగలదు. దవాఖానలో పని బాగా సాగిన రోజునే నేను ఇంట్లో ఎక్కువసేపు కూర్చోగలిగాను. రెండిటికీ వేర్వేరు ఓపికలు ఉంటాయని నువ్వు అనుకుంటున్నావు. నాకైతే ఒకటే ఉండేది.

*మళ్ళీ ఆ పల్లెకు*

ఏడాది తిరిగాక టీకాలకని ఆ పల్లెకు మళ్ళీ పోయాను. ఈసారి ఒంటరిగా పోయాను. పని అయ్యాక ఎల్లమ్మ ఇంటికి పోయాను. ఆ రోజు డాక్టరు ముందు ఆమె నన్నెందుకు కాపాడిందన్న ప్రశ్న ఏడాదిగా నన్ను వదల్లేదు. అది అడగాలని, నా తప్పు ఒప్పుకోవాలని పోయాను. ఆమె ఇంటి ముందు జొన్నలు చెరుగుతోంది. ఎద్దు చచ్చిన కబురు విన్నాక సాగర్ పని మానేసి వచ్చిన ఆమె భర్త లింగయ్య మంచం మీద కూర్చుని పలుపుతాడు పేనుతున్నాడు.

"ఎల్లమ్మా, నువ్వు ఆ రోజు సాబ్‌తోని నీదే తప్పన్నవు. నన్ను కాపాడనీకి అట్లెందుకన్నవు?" అని అడిగాను.

ఆమె చేట ఆపింది. నేనేం అడుగుతున్నానో ఆమెకు అర్థం కాలేదు.

"కాపాడుడేంది సారూ? తప్పు నాదే గదా. ఎద్దు పారుతున్నదని చెప్పనీకె వచ్చిన. నీ చేతులు జూసి, ముచ్చట్ల బడి మర్సిపోయిన. గా ఒక్క మాట చెప్పుంటె ఎద్దు బతుకుతుండె." గొంతు తగ్గించి, "ఈయన గూడ గదే అన్నడు. నోరు పడిపోయిందా నీకు అని. ఇప్పటికీ అంటడు" అంది.

అప్పుడు ఇద్దరి ముందూ చెప్పాను. నువ్వు చెప్పకపోయినా నేను అడగాలి. అడగడమే నా పని, అందుకే నాకు జీతమిస్తారు. నువ్వు మాట మొదలుపెట్టావు, మధ్యలో మింగేసింది నేను. ఎద్దు పోయింది నా వల్ల. సాబ్ అడిగినప్పుడు భయపడి నోరు మూసుకున్నది కూడా నేనే. మాటలు తడబడ్డాయి గానీ అన్నీ చెప్పాను.

లింగయ్య నన్ను కొట్టినా పడేవాణ్ణి. ఆయన నా వైపు చూడలేదు. చేతిలో తాడు పక్కన పెట్టి భార్య వైపు తిరిగాడు. "ఏడాది సంది అంటనే ఉంటి గదనే నిన్ను" అన్నాడు.

ఎల్లమ్మ చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. తర్వాత తలెత్తి నాతో అంది.

"గీ మాట పోయినేడే చెప్పకపోతివి సారూ."